ఉత్తరం ఎవరు రాయాలి?

కార్తీకమాసం వెళ్ళి, వనభోజనాల విస్తళ్ళు ఎత్తేసేసరికి మా కాలేజీలో మరొక సందడి మొదలవుతుంది. పంచాంగంలో లేని పండుగ ఇది. స్టాఫ్ రూము గుమ్మం దగ్గర పాత విద్యార్థులు ఒక్కొక్కరే ప్రత్యక్షమవుతారు. చేతిలో ఒక ఫైలు, మొహాన ఒక చిరునవ్వు. "బాగున్నారా మేడం?" అంటారు. మూడేళ్ళుగా పలకరించనివాళ్ళు హఠాత్తుగా మన ఆరోగ్యం కనుక్కున్నారంటే ఏదో కారణం వుండే వుంటుంది. ఆ కారణం ఫైల్లో వుంటుంది. పై చదువుకు అమెరికాకో, ఇంగ్లండుకో దరఖాస్తు పెడుతున్నారు; సిఫార్సు ఉత్తరం కావాలి.

నేను ఎల్.బి.నగర్ దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు చెబుతాను. కాపురం కొత్తపేటలో. పుస్తకాలకనో, బట్టలకనో దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళాలంటే మెట్రో ఎక్కుతాను. 2018 సెప్టెంబరులో ఆ రైలు మా పేటకు వచ్చింది మొదలు, రోడ్డు మీద నడిచేటప్పుడు కనబడని బోర్డులన్నీ కిటికీలోంచి కళ్ళకెదురుగా కనబడుతున్నాయి. చైతన్యపురి దాటిన తరువాత ఇక చూసుకోండి: కోచింగు, వీసా, బ్యాంకు అప్పు, విమానం టికెట్టు - ఒక కుర్రవాణ్ణి ఇంట్లోంచి లేవదీసి సముద్రం దాటించడానికి ఏమేం కావాలో అన్నీ వరసగా దొరుకుతాయి. సిఫార్సు ఉత్తరం నమూనా కూడా దొరుకుతుంది. పేరు వున్నచోట ఖాళీ వుంటుంది, నింపుకోవడమే తరువాయి.

మొన్నొక ఆదివారం సాయంకాలం మా వీధిలోని పళ్ళ వ్యాపారి, ఆయన కూతురు మా ఇంటికి వచ్చారు. అమ్మాయిని సరళ అనుకుందాం. అసలు పేరు వేరు. మా కాలేజీలోనే లెక్కలు, స్టాటిస్టిక్సు, కంప్యూటరు తీసుకుని బి.ఎస్సీ. చదివింది. ఆ పైన ఉస్మానియాలో ఎం.ఎస్సీ. స్టాటిస్టిక్సు. తండ్రి నల్లగొండ జిల్లా మనిషి. మా కొత్తపేట పళ్ళ మార్కెట్టు 2021-22లో బాటసింగారం తరలిపోయినా, ఆయన ఇల్లు మార్చలేదు; తెల్లవారుజామునే లేచి అంత దూరమూ వెళ్ళి వస్తాడు. పిల్ల చదువు కోసమే ఇక్కడ వున్నామంటాడు.

కూర్చోగానే ఆయనే మొదలుపెట్టాడు. "జర మీరన్న చెప్పుండ్రి మేడం, మా పిల్లకు. మా ఊరాయన పెద్ద ఆఫీసరు చేసి రిటైరయిండు. ఒక్క ఫోను చేస్తె చాలు, ఉత్తరం రాసిస్త అన్నడు. కాలేజీ ప్రిన్సిపాలు సారు గూడ సంతకం పెడ్త అన్నడు. ఇదేమొ వద్దంటది. పెద్దోళ్ళ సంతకానికి విలువ ఉండదా మేడం?"

సరళ తల వంచుకుని, "ఆ పెద్దాయన నన్ను చూసింది ఒక్కసారే మేడం, మా అక్క పెళ్ళిలో. అప్పుడు నేను తొమ్మిదో తరగతి" అన్నది.

తండ్రి తప్పు పట్టవలసిన మనిషి కాదు. మన దేశంలో సిఫార్సు అనే మాటకు తరతరాలుగా అర్థం అదే. ఆస్పత్రిలో మంచం దొరకాలన్నా, బడిలో సీటు రావాలన్నా ఎవరో పెద్దాయన చీటీ రాసివ్వాలి. ఆ చీటీలో ఏమి రాశారన్నది ఎవరికీ పట్టదు, కింద ఎవరి సంతకం వుందన్నదే లెక్క. అమెరికా ఉత్తరం దానికి సరిగ్గా తలకిందులు. అక్కడ దరఖాస్తు చూసేవారు ఆ పెద్దాయన ఎవరో ఎరగరు, ఆయన ఫోనుకు జడిసేవారూ కాదు. వాళ్ళు అడిగేది ఒక్కటే: ఈ మనిషి ఈ పిల్లను పని చేస్తూండగా చూశాడా? చూస్తే ఏమి చూశాడు?

ఇదంతా ఉపన్యాసంగా చెబితే ఆయనకు ఎక్కదని నాకు తోచింది. అందుచేత ఇలా అడిగాను: "మీరు బత్తాయి తోట గుత్తకు పట్టేముందు ఎవరిని అడుగుతారు? పట్టాదారునా?"

ఆయన నవ్వాడు. "పట్టాదారు పట్నంల ఉంటడు, ఆయనకేమెరుక? కావలోన్ని అడుగుత. ఏ చెట్టు కాయ నిలుపుతదో, యాడ నీళ్ళందయో గాయనకే ఎరుక."

అన్నవాడు అన్నట్టే ఆగిపోయాడు. కూతురి వంక చూశాడు. "గట్లనా!" అన్నాడు.

అంతే. నేను పాతికేళ్ళుగా పాఠాలు వింటూ, చెబుతూ వున్నాను గాని, ఇంత సులువుగా ఒక పాఠం ఎక్కడం అరుదుగా చూశాను.

ఇక్కడ నా సంగతి ఒకటి మనవి చేసుకోవాలి. ఈ నీతులు నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు. 2014లో నేనొక తప్పు చేశాను.

అప్పుడు మా కాలేజీలో ఒక అబ్బాయి వుండేవాడు. చదివేది కంప్యూటరే అయినా తెలుగు మాటలంటే ఇష్టం. భూదాన్ పోచంపల్లి చేనేత మగ్గాల దగ్గర వాడే పదాలు సేకరించే పని ఒకటి నేను పెట్టుకుంటే, రెండేళ్ళపాటు ఆదివారాలు నా వెంట తిరిగాడు. నేను కాగితాల మీద రాసుకొచ్చిన వందలాది మాటలను కంప్యూటరులోకి ఎక్కించి, ఒక మాటకు ఎన్ని రూపాలున్నాయో వెదికిపెట్టే పద్ధతి తనే తయారుచేశాడు. అది సరిగ్గా పని చెయ్యకపోతే మూడుసార్లు చెరిపి, మళ్ళీ మొదటినుంచీ రాశాడు. మూడోసారి చెరిపిన రోజు అతని మొహం నాకింకా గుర్తే.

ఆ సంవత్సరం అతనూ, మరిద్దరు విద్యార్థులూ కలిసి వచ్చి, ఉత్తరాలు తామే టైపు చేయించి తెచ్చామనీ, సంతకం పెడితే చాలుననీ అన్నారు. పరీక్ష పేపర్లు దిద్దే రోజులు. నాకు తీరిక లేదు. నిజం చెప్పాలంటే, మూడు ఉత్తరాలు ఇంగ్లీషులో రాసే శ్రమ తప్పిందని సంతోషించాను కూడా. చదవకుండానే మూడింటి మీదా సంతకం పెట్టాను.

రెండు నెలల తరువాత ఒక విశ్వవిద్యాలయం నుంచి నాకు రెండు వాక్యాల లేఖ వచ్చింది. చాలా మర్యాదగా వుంది. మీ దగ్గరినుంచి మాకు మూడు ఉత్తరాలు అందాయి. నా ఉద్యోగ జీవితంలో నేను చూసిన అందరికన్నా గొప్ప విద్యార్థి ఇతడే అని మూడింటిలోనూ వుంది. వీరిలో ఎవరో దయచేసి తెలియజేయగలరు - అని సారాంశం.

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నిజానికి ఆ ముగ్గురిలో ఒకడు నేను చూసిన గొప్ప విద్యార్థే. ఆ మాట చెప్పడానికి నా దగ్గర పోచంపల్లి కథంతా వుంది. మూడుసార్లు చెరిపి నాలుగోసారి రాసిన సంగతి వుంది. అదేదీ నేను రాయలేదు. ఎవరో అద్దెకు రాసిన మాట కింద నా పేరు పెట్టాను. వున్నదున్నట్టు ఒప్పుకుంటూ జవాబు రాశాను గాని, అప్పటికే నా మాటకు విలువ పోయింది. అతనికి అక్కడ సీటు రాలేదు. కారణం నా ఉత్తరమేనని ఎవరూ అనలేదు. కాదని కూడా నేను అనుకోలేకపోయాను. మరుసటి ఏడు వేరేవారి ఉత్తరాలతో వేరేచోటికి వెళ్ళాడు. నన్ను ఒక్కమాట అనలేదు. ఏటా సంక్రాంతికి శుభాకాంక్షలు పంపుతాడు. అవి చూసినప్పుడల్లా తల కొంచెం వంగుతుంది.

అందుకే సరళ విషయంలో నేను తొందరపడదలచుకోలేదు. ముందు ఆ వ్యవహారం ఎలా నడుస్తుందో తండ్రికి విప్పి చెప్పాను. పాఠకులలో ఇంటికొకరైనా పై చదువుల పిల్లలు వుంటారు గనుక ఇక్కడా చెబుతాను.

అమెరికాలో పై డిగ్రీలకు సాధారణంగా మూడు ఉత్తరాలు అడుగుతారు. ఇంగ్లండులో చాలాచోట్ల రెండు చాలు. మన దేశంలోనే సైన్స్ అకాడమీలు ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్పులకు కూడా ఉపాధ్యాయుని ఉత్తరం కావాలి. కవరులో పెట్టి సీలు వేసి ఇచ్చే రోజులు దాదాపు పోయాయి. విద్యార్థి దరఖాస్తులో ఉపాధ్యాయుని పేరూ, ఈమెయిలూ ఇస్తాడు. విశ్వవిద్యాలయమే ఆయనకు నేరుగా లింకు పంపుతుంది. ఆయన ఉత్తరాన్ని అక్కడే దాఖలు చేస్తాడు. చాలామంది కాలేజీ పేరుతో వుండే ఈమెయిలే కావాలంటారు. కొన్నిచోట్ల ఉత్తరంతోపాటు ఒక పట్టిక కూడా నింపాలి: మీరు చూసిన విద్యార్థులలో ఇతడు నూటికి మొదటి అయిదుగురిలో వుంటాడా, పదిమందిలోనా, పాతికమందిలోనా అని.

దరఖాస్తులో మరొక ప్రశ్న వుంటుంది. 1974లో అమెరికాలో వచ్చిన ఒక చట్టం ప్రకారం విద్యార్థి తన ఫైలు చూసుకోవచ్చు. అయితే ఈ ఉత్తరాలను చూసే హక్కును వదులుకుంటావా అని అడుగుతారు. వదులుకోమనే పెద్దల సలహా. విద్యార్థి చూడడని తెలిస్తేనే రాసేవాడు నిజం రాశాడని చదివేవారు నమ్ముతారు. కొందరు పిల్లలు ఉపాధ్యాయుని పేరుతో తామే ఒక ఈమెయిలు పుట్టించి, తమ ఉత్తరం తామే పంపుకుంటారని వింటాం. అది తెలివి కాదు, ఫోర్జరీ. బయటపడితే వచ్చిన సీటు కూడా పోతుంది.

ఇక అసలు ప్రశ్న: ఆ ముగ్గురూ ఎవరు?

సరళ చదువు స్టాటిస్టిక్సు గనుక, ఆ శాస్త్రంలో మనవాడొకాయన కథ చెప్పాను. సి.ఆర్.రావుగారు 1920లో పుట్టారు. 1940లో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లెక్కల్లో ఎం.ఏ. చేసి, మరుసటి ఏడు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూటులో చేరారు. దాని స్థాపకులు మహలనోబిస్. సూడానులోని జెబెల్ మోయాలో తవ్వకాల్లో దొరికిన పురాతన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ పద్ధతిలో పరిశీలించాలని కేంబ్రిడ్జి మ్యూజియంవారు అనుకున్నారు. అందుకు మనిషిని పంపమని ఆయననే అడిగారు. ఆయన 1946లో పంపినవారిలో రావుగారొకరు. అంతకుముందు ఈ యువకుడు పని చేస్తూండగా ఆయన తన కళ్ళతో చూశారు. ఎముకల పని చేస్తూనే రావుగారు ఫిషర్ దగ్గర పరిశోధన చేసి 1948లో డాక్టరేటు పుచ్చుకున్నారు. 2023లో, నూటరెండేళ్ళ వయసులో, స్టాటిస్టిక్సులో అంతర్జాతీయ బహుమతి అందుకుని ఆ సంవత్సరమే కన్నుమూశారు. మహలనోబిస్ పెద్దమనిషే, కాదనను. కాని ఇక్కడ ఆయన మాటకు బలం ఇచ్చింది కుర్చీ కాదు, చూపు.

మరొకటి చెబుతాను. 1948లో అమెరికాలో రిచర్డ్ డఫిన్ అనే లెక్కల ప్రొఫెసరు తన విద్యార్థి జాన్ నాష్ గురించి ప్రిన్‌స్టన్‌కు ఒక ఉత్తరం రాశాడు. ఉత్తరమంతా నాలుగైదు వాక్యాలే. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు, ఈ జూనులో చదువు పూర్తవుతుంది, ఇతడు గణితంలో మేధావి - అంతకుమించి లేదు. ఆ నాష్‌కే 1994లో అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. "మరి చిన్న ఉత్తరం చాలు కదా మేడం!" అన్నది సరళ. చాలదమ్మా. డఫిన్ అలాంటి మాట అందరి గురించీ రాసేవాడయితే అది చెల్లేది కాదు. నేను ముగ్గురి గురించి రాసినట్టు ఆయన రాయలేదు. అదీ తేడా.

అప్పుడు ముగ్గురం కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాం. "నీ పని చూసినవాళ్ళు ఎవరు? పేర్లు కాదు, సంఘటనలు చెప్పు" అన్నాను. ఒక మనిషి నీ గురించి ఒక్క సంఘటనైనా చెప్పలేకపోతే ఆయన నీ ఉత్తరం రాయకూడదు. ఇది నేను పెట్టుకున్న కొలబద్ద.

మొదటిది తేలికగా తేలింది: ఎం.ఎస్సీ. ప్రాజెక్టు చేయించిన ఉపాధ్యాయురాలు. ఒక ఏడాదిపాటు ప్రతివారం సరళ లెక్కలు దిద్దిన మనిషి.

రెండోది చెప్పడానికి సరళ సంకోచించింది. మా కాలేజీలోని స్టాటిస్టిక్సు లెక్చరరు ఆమెకు మొదటి సెమిస్టరులో చాలా తక్కువ మార్కులు వేశారు. ఆ తరువాత క్లాసు అయిపోయినా ఆయన వెంటబడి అడుగుతూ, చివరి సెమిస్టరుకు క్లాసులో మొదటికి వచ్చింది. "తక్కువ మార్కులు వేసినాయన మంచిగెట్ల రాస్తడు?" అన్నాడు తండ్రి. ఆయనే బాగా రాయగలరన్నాను. మొదటినుంచీ నూటికి తొంభై తెచ్చుకున్నవాళ్ళ గురించి తొంభై అని తప్ప రాయడానికి ఏమీ వుండదు. పడి లేచిన సంగతి, లేవడం చూసినవాడే చెప్పాలి.

మూడోదాని దగ్గర పేచీ వచ్చింది. ఎం.ఎస్సీ. అయ్యాక సరళ ఒక మందుల కంపెనీలో ఆరు నెలలు ప్రయోగాల లెక్కలు చూసింది. అక్కడ ఆమె సెక్షను పెద్ద ఒక ముప్ఫై ఏళ్ళ అమ్మాయి. ఒకసారి రోగుల పట్టికలో రెండు వరుసలు తారుమారయిన సంగతి సరళే కనిపెట్టి, అందరూ ఇళ్ళకు వెళ్ళాక ఆ అమ్మాయికి ఫోను చేసి చెప్పిందట. "ముప్పై ఏండ్ల పిల్ల సంతకమా?" అన్నాడు తండ్రి. వెంటనే తనే, "సరే సరే, కావలోడు" అని నవ్వాడు.

అప్పుడు సరళ నా వంక తిరిగి మెల్లగా అన్నది: "మూడోది మీరు రాస్తారని అనుకున్నాను మేడం. నన్ను అందరికంటే బాగా ఎరిగింది మీరే."

నిజమే. చిన్నప్పటినుంచీ ఎరుగుదును. ఆమె తల్లి జబ్బుపడిన రోజులలో ఇంటిపని చేసుకుంటూ ఎలా చదివిందో కూడా ఎరుగుదును. రాయాలని నా మనసు ఎంత లాగిందో చెప్పలేను. కాని ఆమె స్టాటిస్టిక్సు ఎలా చేస్తుందో నాకు ఒక్క అక్షరం తెలియదు. మంచి పిల్ల అని నేను రాస్తే అది ఆశీర్వచనం అవుతుంది గాని సిఫార్సు కాదు. ఎరిగి వుండడం ఒకటి, పని చూసి వుండడం ఇంకొకటి. "నేను రాయనమ్మా" అన్నాను. ఆమె మొహం చిన్నబోయింది. నాకూ కష్టంగానే తోచింది.

ఇక అడగడం ఎలాగన్నది మిగిలింది. "సార్, ఒక ఉత్తరం ఇస్తారా?" అంటే ఎవరైనా మొహమాటానికి సరేనంటారు. "నా గురించి గట్టిగా రాయడానికి మీ దగ్గర తగినంత వుందనిపిస్తుందా? లేకపోతే మొహమాటపడకండి, వేరేవారిని అడుగుతాను" అనాలి. కాదనడానికి దారి వుంచితేనే అవునన్న మాటకు అర్థం. ఎవరైనా నసిగితే దండం పెట్టి వచ్చేయడమే మేలు. చల్లని ఉత్తరం కన్నా లేని ఉత్తరం నయం.

అడిగేది గడువుకు నెలా నెలన్నర ముందుగా అడగాలి. ఆగస్టులో మొదలయ్యే చదువులకు చాలా గడువులు డిసెంబరు, జనవరి నెలల్లో పడతాయి. మీ మార్కుల పట్టిక, ప్రాజెక్టు నకలు, ఏ విశ్వవిద్యాలయం, ఏ కోర్సు, గడువు ఏ తేదీ - అన్నీ ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆయనకు గుర్తు రావలసిన సంఘటనలు నాలుగు వాక్యాలలో రాసి ఇవ్వడం తప్పు కాదు. ఉత్తరమే రాసి ఇవ్వడం తప్పు. "నువ్వే రాసుకొచ్చెయ్, సంతకం పెడతాను" అని గురువే అంటే? ఆ గురువులలో నేనూ ఒకదాన్ని గనుక చెబుతున్నాను: "సార్, వివరాలు రాసి తెస్తాను, మాటలు మాత్రం మీవి కావాలి" అని వినయంగా అడగండి. అప్పటికీ కాదంటే మరొకరిని చూసుకోండి. పని అయ్యాక, సీటు వచ్చినా రాకపోయినా, ఒక్కమాట వెళ్ళి చెప్పి రండి. మూడేళ్ళ తరువాత మా ఆరోగ్యం కనుక్కోవడం కన్నా అది బాగుంటుంది.

కిందటి వారం మూడు ఉత్తరాలూ వెళ్ళిపోయాయట. వాటిలో ఏముందో సరళకు తెలియదు, నాకూ తెలియదు. జవాబులు ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తాయి. వస్తుందో రాదో దేవుడికెరుక.

మొన్న పొద్దున గుమ్మంలో ఒక సంచి బత్తాయిలు కనిపించాయి. మేడ మీదినుంచి తొంగి చూస్తే ఆయన అప్పుడే బండి స్టార్టు చేస్తున్నాడు.

"ఇవెందుకండీ? ఉత్తరం నేను రాయలేదు కదా!" అని కేకేశాను.

"మీరు రాయనన్నందుకే మేడం!" అని ఆయన బండి పోనిచ్చాడు.